ఆకాశరామన్న చిరునామా

ఆకాశరామన్న పేరు వినని తెలుగువాడు ఉండడు. ఆయన ఏ ఊరివాడో, ఏ కాలంవాడో ఎవరికీ తెలియదు గాని, ఆయన వ్రాసిన ఉత్తరాలు మాత్రం నాటి తాలూకా కచేరీ మొదలు నేటి జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయం వరకు ప్రతి బల్లమీదికీ చేరినవే. సంతకం ఉండదు. ఉన్నా అది ‘ఒక శ్రేయోభిలాషి’ అనో, ‘గ్రామస్థులు’ అనో ఉంటుంది. అక్షరాలు గుర్తుపట్టకుండా ఎడమచేత్తో వ్రాస్తాడు. ప్రొద్దుటూరులో కూర్చుండి వ్రాసి జమ్మలమడుగు పోస్టుడబ్బాలో వేస్తాడు, ముద్రనుబట్టి పట్టుకోకుండా. ఉపాధ్యాయ వృత్తిలో పదేళ్ళు గడిపినవారిలో, తమమీదనో తమ పక్క గదివారిమీదనో రామన్న వ్రాసిన అర్జీని ఎరుగనివారు అరుదు.

ఆ రామన్న ఇప్పుడు కలం మార్చినాడు. పోస్టుడబ్బాతో పని లేదు. ఫోనులో ఒక మారుపేరు పెట్టుకొంటాడు, ఒక సినిమా నటుని బొమ్మ అతికించుకొంటాడు, పదిమంది చేరిన చోటికి వచ్చి నోటికి వచ్చింది అంటాడు. ఇతనిని ఏమి చేయవలెనన్నది ప్రశ్న. దీనికి సర్వత్ర వినవచ్చే జవాబు ఒకటి ఉన్నది. ఈ వ్యాసం ఆ జవాబును విమర్శించుటకు ఉద్దేశించినది.

కొంతకాలం క్రిందట ప్రొద్దుటూరులో ఒక ఉన్నత పాఠశాలవారు వక్తృత్వపు పోటీకి నన్ను నిర్ణేతగా పిలిచినారు. ‘ఇంటర్నెట్టులో వ్రాసే ప్రతివాడూ తన నిజమైన పేరుతోనే వ్రాయవలెనని చట్టం చేయాలి’ అనేది విషయం. పిల్లలు చక్కగా మాట్లాడినారు. అనుకూల పక్షంవారు, ముసుగు తీయిస్తే దూషణ పోతుందన్నారు. ప్రతికూల పక్షంవారు, ముసుగు తీయిస్తే దూషణ పోయే మాట నిజమే గాని దానితోపాటు వాక్స్వాతంత్ర్యం కూడ పోతుందన్నారు. చూడండి, ఉభయులకూ మొదటి భాగంలో భేదమే లేదు! పేరు బయటపడితే మనిషి మర్యాదస్థుడౌతాడన్న సంగతిని ఎవరూ పరీక్షకు పెట్టలేదు. మొదటి బహుమతి అనుకూలంగా మాట్లాడిన ఒక తొమ్మిదవ తరగతి బాలునికి ఇచ్చినాను. ఉపన్యాసానికి ఇచ్చినాను గాని వాదానికి కాదు. ఆ సంగతి అతనికి అప్పుడు చెప్పే వ్యవధి లేకపోయింది.

దూషణవల్ల కలిగే నష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. ప్రొద్దుటూరువారికి దానిని గురించి ఒకరు చెప్పనక్కరలేదు. బంగారు వ్యాపారానికీ, బట్టల వ్యాపారానికీ పేరుమోసిన ఊరు. రెండవ బొంబాయి అని ఈ ప్రాంతంలో వాడుక. ఇటువంటి ఊరిలో వ్యాపారం నడిచేది నగదుమీదకంటె మాటమీద. తెలుగులో పరపతి అనే మాటకు అప్పు పుట్టడమని ఒక అర్థం, నలుగురిలో ఉండే పలుకుబడి అని మరొక అర్థం. రెంటికీ ఒకే మాట ఏర్పడడం ఊరక జరగలేదు. ‘ఫలానా అంగడి సేటు ఐ.పి. పెట్టబోతున్నాడట’ అని ఒక్క వాక్యం బజారులో విడిచిపెడితే చాలు. అది అబద్ధమైనా సరే, సాయంకాలానికి అప్పులవారు గుమిగూడుతారు. తెల్లవారేసరికి అబద్ధం నిజమై కూర్చుంటుంది. ఉన్న రోగాన్ని చెప్పిన వైద్యునివలె గాక, లేని రోగాన్ని చెప్పి పుట్టించే శక్తి ఈ జాతి మాటలకు ఉన్నది.

వెనుకటి రామన్న ఉత్తరం ఒక బల్లమీదికి పోయేది. ఇప్పటి దాని ప్రయాణాన్ని లెక్కలు చెప్పే ఉపాధ్యాయులు గుణశ్రేఢి పాఠంలో ఉదాహరణగా తీసికొనవచ్చును. వాట్సాప్ సంస్థవారు మన దేశంలో వదంతులవల్ల హత్యలు జరిగిన పిమ్మట, 2018 జూలైలో, వచ్చిన సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసినారు. అయిదే కదా అనవచ్చును. ఒకడు అయిదుగురికి, వారిలో ప్రతివాడూ మరి అయిదుగురికి పంపితే మెట్లు 5, 25, 125, 625 అని పెరిగి, ఎనిమిదవ మెట్టున 3,90,625 అవుతుంది. 2011 జనాభా లెక్కలనాటి ప్రొద్దుటూరు పట్టణానికి ఇది రెట్టింపును మించిన సంఖ్య. నిజానికి ఒకే మనిషికి నాలుగు దిక్కులనుండి అదే మాట వస్తుంది గనుక లెక్క ఇంత శుభ్రంగా నడవదు. కాని నాలుగు దిక్కులనుండి రావడం మరింత చెడ్డ. నలుగురు చెప్పినారంటే నిజమే అయి ఉంటుందని మనం అనుకుంటాము. ఆ నలుగురూ ఒకే నోటినుండి విన్నారన్నది మనకు కనబడదు.

ఇక్కడ అసలు సంగతి గమనించవలెను. ఆ అయిదుగురిలో పేరు లేనివాడు ఎవడు? ఒక్కడూ లేడు. ఊరి గుంపులో ప్రతి నంబరూ అందరి ఫోనులలో పేరుతో సహా దాచుకొన్నదే. బావ పంపినాడు, పాలకేంద్రం కార్యదర్శి పంపినాడు, రిటైరైన మాస్టరుగారు పంపినారు. అందరికీ ముఖాలున్నవి, ఇండ్లున్నవి, చిరునామాలున్నవి. అడిగితే అందరి జవాబూ ఒకటే: ‘నాకు వచ్చింది, పంపినాను.’ పేర్లు దండిగా ఉండి పూచీ మాత్రం ఎక్కడా లేకపోవడమంటే ఇదే. నిజమైన పేరు దూషణకు మందు అన్నవారు మొదట ఈ రోగికి ఆ మందు ఎందుకు పనిచేయలేదో చెప్పవలసి ఉన్నది.

న్యాయస్థానాలు ఈ జవాబును అంగీకరించడం లేదు. ఒకరు వ్రాసిన అసభ్యమైన రాతను 2018లో ఫేస్‌బుక్కులో తిరిగి పంచినందుకు ఒక తమిళ నటునిపై పెట్టిన కేసులలో, వచ్చిన సందేశాన్ని ముందుకు పంపినవాడు దానిని ఒప్పుకొన్నట్లేనని 2023 జూలైలో మద్రాసు హైకోర్టు తేల్చింది. మరుసటి నెలలో సుప్రీంకోర్టు కూడ జోక్యం చేసికొనుటకు నిరాకరించింది. చట్టం దృష్టిలో ‘వచ్చింది’ అనే మాట లేదు, ‘పంపినావు’ అనేది ఒక్కటే ఉన్నది.

ఇక ముసుగును గురించి మనస్తత్వశాస్త్రం ఏమంటున్నదో చూద్దాము. 1969లో ఫిలిప్ జింబార్డో అనే అమెరికా శాస్త్రజ్ఞుడు విద్యార్థినులతో చేసిన ఒక ప్రయోగాన్ని ప్రకటించినాడు. కొందరికి ఒళ్ళంతా కప్పే అంగీలు, తలకు ముసుగులు తొడిగినాడు. మరికొందరికి పేరు వ్రాసిన బిళ్ళలు తగిలించినాడు. ఎదురుగా ఉన్న మనిషికి కరెంటు షాకు ఇచ్చే మీట వారి చేతికి ఇచ్చినాడు. షాకు ఉత్తది, బాధపడినట్లు నటించే మనిషిని ముందే ఏర్పాటు చేసినారు, ఆ సంగతి మీట నొక్కేవారికి తెలియదు. ముసుగులవారు బిళ్ళలవారికంటె సుమారు రెండింతలసేపు మీట నొక్కి పట్టినారు. ముసుగు మనిషిని క్రూరుణ్ణి చేస్తుందని చెప్పేవారందరూ దీనినే ఉదాహరిస్తారు. ప్రొద్దుటూరు బాలుడు కూడ ఉదాహరించినాడు. నాకు ముచ్చట వేసింది.

కాని కథ అక్కడ ముగియలేదు. పదేళ్ళ తరువాత, 1979లో, జాన్సన్, డౌనింగ్ అనే మరిద్దరు పరిశోధకులు ఇటువంటి ప్రయోగాన్నే ఒక చిన్న మార్పుతో చేసినారు. కొందరికి అమెరికాలో నల్లజాతివారిని హింసించిన కూ క్లక్స్ క్లాన్ ముఠా తొడిగే దుస్తులవంటివి ఇచ్చినారు. మరికొందరికి ఆసుపత్రి నర్సుల దుస్తులు ఇచ్చినారు. ముఠా దుస్తులవారు షాకు పెంచినారు. నర్సుల దుస్తులవారు తగ్గించినారు. అంతకంటె విశేషమేమనగా, నర్సుల దుస్తులలో ఉన్నవారికి ముఖం, పేరు తెలియకుండ చేసినప్పుడు వారు షాకును మరింత తగ్గించినారు! అనగా ముసుగు తనంతట తాను మంచి చేయదు, చెడు చేయదు. మనిషి ఏ వేషంలో ఉన్నాడో, ఆ గుంపులో ఏది మెప్పు పొందుతుందో, దానిని అది గట్టిపరుస్తుంది. చెడ్డ గుంపులో చెడ్డను, మంచి గుంపులో మంచిని. మొదటి ప్రయోగంలో జింబార్డో తొడిగిన ముసుగులే భయంకరంగా ఉండినవేమో అన్న అనుమానం రెండవ ప్రయోగం చదివినవారికి కలుగక మానదు.

మీట నొక్కించే గదిని విడిచి లోకంలోకి వద్దాము. జర్మనీలో ప్రజలు అర్జీలు పెట్టుకొనే ఒక వేదికమీద 2010 నుండి 2013 వరకు వచ్చిన 1,612 అర్జీలకు సంబంధించి 5,32,197 వ్యాఖ్యలను ముగ్గురు పరిశోధకులు పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించినారు. అక్కడ పేరు పెట్టి వ్రాయవచ్చును, పెట్టకనూ వ్రాయవచ్చును. ఎక్కువ దురుసుగా వ్రాసినది ఎవరు? పేరు పెట్టినవారే. దీనికి వారు చెప్పిన కారణం మనకు విదేశీ సంగతిగా తోచదు. తాము న్యాయం పక్షాన నిలిచి ఒక దోషిని శిక్షిస్తున్నామని నమ్మే మనిషికి పేరు దాచుకొనే అవసరం ఉండదు. పైగా పేరు కనబడడమే కావాలి, తనవారు చూచి మెచ్చుకొనుటకు. కడప జిల్లాలో కక్షల సంగతి ఎరిగినవారికి ఇది కొత్త పాఠమా? నడివీధిలో నిలబడి మీసం దువ్వి తిట్టేవాడు ముసుగు వేసికొని రాడు.

దక్షిణ కొరియావారు ఈ ప్రయోగాన్ని దేశమంతటా చేసి చూచినారు. 2007లో పెద్ద వెబ్‌సైట్లలో వ్యాఖ్య వ్రాయాలంటే తానెవరో ముందుగా రుజువు చేసికోవలెనని చట్టం తెచ్చినారు. దానికోసం ఆ సంస్థలు కోట్లమంది ఆనవాళ్ళను పోగుచేసి పెట్టుకొన్నవి. 2011 జూలైలో దొంగలు ఒక పెద్ద సంస్థ కంప్యూటర్లలో చొరబడి సుమారు మూడున్నర కోట్లమంది వివరాలు ఎత్తుకొనిపోయినారు. దూషణ ఆ మేరకు తగ్గినట్లు రుజువు లేదనీ, స్వేచ్ఛకు మాత్రం భంగం కలిగిందనీ 2012 ఆగస్టు 23న ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టివేసింది. మా పోటీలో ఈ సంగతి ఒక్క పిల్లవాడూ ఎత్తలేదు. తప్పు వారిది కాదు, మనం చెప్పలేదు.

మరి పేరు మందు కానప్పుడు ఏది మందు? దీనికి విజ్ఞానశాస్త్ర చరిత్రలోనే రెండు కథలున్నవి. రెండింటిలోనూ పేరు లేని రాతలే. ఒకటి శాస్త్రానికి మచ్చ, ఒకటి అలంకారం.

కలనగణితాన్ని ముందుగా ఎవరు కనిపెట్టినారని న్యూటన్‌కూ లైబ్నిట్జ్‌కూ వచ్చిన తగవు ప్రసిద్ధం. న్యాయం చేయవలసిందని లైబ్నిట్జ్ లండనులోని రాయల్ సొసైటీకి మొరపెట్టుకొన్నాడు. సొసైటీ 1712లో ఒక సంఘాన్ని వేసింది. సంఘం లైబ్నిట్జ్‌కు వ్యతిరేకంగా నివేదిక ఇచ్చింది. అచ్చువేసిన పుస్తకంలో సంఘ సభ్యుల పేర్లు లేవు. 1715లో సొసైటీ పత్రికలో ఆ పుస్తకాన్ని మెచ్చుకొంటూ ఒక దీర్ఘమైన సమీక్ష వచ్చింది. దానికీ పేరు లేదు. సొసైటీ అధ్యక్షుడు ఎవరు? న్యూటన్. నివేదిక వ్రాసినది ఎవరు? న్యూటనే. సమీక్ష వ్రాసినది? అదీ న్యూటనే. వాది, న్యాయమూర్తి, పత్రికా విలేఖరి ముగ్గురూ ఒక్కరే అయి, ముగ్గురికీ పేరు లేకుండ పోయింది. ఆకాశరామన్న ఇంతకంటె గొప్ప వేషం మరెక్కడా కట్టలేదు. ఇరువురూ వేరువేరుగా కనిపెట్టినారన్నది నేడు అందరూ ఒప్పుకొన్న సంగతి.

రెండవ కథ 1936 నాటిది. ఐన్‌స్టీన్, తన సహాయకుడు రోజెన్‌తో కలిసి, గురుత్వ తరంగాలు లేనేలేవని రుజువు చేసే ఒక వ్యాసాన్ని అమెరికాలోని ఫిజికల్ రివ్యూ పత్రికకు పంపినాడు. సంపాదకుడు జాన్ టేట్ ఆ వ్యాసాన్ని ఒక పండితునికి పంపి అభిప్రాయం అడిగినాడు. పది పుటల విమర్శ వచ్చింది: గణితంలో దోషమున్నదని. విమర్శకుని పేరు చెప్పకుండ సంపాదకుడు దానిని ఐన్‌స్టీన్‌కు పంపినాడు. ఐన్‌స్టీన్‌కు కోపం వచ్చింది. అచ్చు కాకముందే తన వ్యాసాన్ని ఇతరులకు చూపించుటకు తాను అనుమతి ఇవ్వలేదని వ్రాసి వ్యాసాన్ని వెనక్కు తీసికొన్నాడు. దానిని వేరొక పత్రికకు ఇచ్చినాడు. కాని 1937లో అది వెలువడేసరికి ముగింపు మారిపోయింది. ఆ మధ్యలో ప్రిన్స్‌టన్‌లోనే ఉన్న రాబర్ట్‌సన్ అనే పండితుడు, ఐన్‌స్టీన్ కొత్త సహాయకుడైన ఇన్‌ఫెల్డ్‌తో స్నేహంగా మాట్లాడుతూ తప్పు ఎక్కడున్నదో చూపించినాడు. ఆ పేరు లేని విమర్శకుడు ఈ రాబర్ట్‌సనే అని 2005లో గాని లోకానికి తెలియలేదు. గురుత్వ తరంగాలు ఉన్నవని 2015 సెప్టెంబరు 14న పరికరాలు పట్టి చూపినవి.

ఈ కథలో పెద్ద పేరు తప్పు చెప్పింది, పేరు లేనివాడు ఒప్పు చెప్పినాడు. తన పేరు బయటపడుతుందంటే లోకప్రసిద్ధుని తప్పు పట్టుటకు ఎంతమంది సాహసిస్తారు? ఐతే రాబర్ట్‌సన్‌కూ న్యూటన్‌కూ తేడా ఎక్కడ ఉన్నది? ఇద్దరూ పేరు దాచినారు. కాని రాబర్ట్‌సన్ ఎవరో టేట్‌కు తెలుసు. అతడు ద్వేషంతో వ్రాసి ఉంటే టేట్ దానిని చించివేసేవాడు; మరొకరిని అడిగేవాడు; విమర్శకు తాను పూచీపడి, తన సంతకంతో పంపినాడు. ఐన్‌స్టీన్ జవాబు చెప్పదలచుకొంటే వినుటకు ఒక తలుపు ఉన్నది. న్యూటన్ కథలో ఆ తలుపు లేదు. ఉన్న గడియ కూడ ఆయన చేతిలోనే ఉన్నది. పేరు చదివేవారికి తెలియకపోవడం ఒకటి. ఎవరికీ తెలియకపోవడం, ఎవరూ పూచీపడకపోవడం మరొకటి. మా పోటీలో ఉభయ పక్షాలవారూ ఈ రెంటినీ ఒకటిగా కలిపివేసినారు. పెద్దలు కూడ కలిపివేస్తున్నారు.

కలిపితే ఏమౌతుందో మన దేశంలో ఒక ఉదాహరణ ఉన్నది. సత్యేంద్ర దూబే అనే యువ ఇంజనీరు బీహారులో జాతీయ రహదారి పనులలో జరుగుతున్న అక్రమాలను గురించి 2002లో ప్రధానమంత్రి కార్యాలయానికి వ్రాసినాడు. తన పేరు రహస్యంగా ఉంచవలసిందని కోరినాడు. ఆ ఉత్తరం పేరుతో సహా కార్యాలయాల వెంట తిరిగింది. 2003 నవంబరు 27న గయలో అతనిని కాల్చి చంపినారు. దోపిడీ కోసం జరిగిన హత్య అని సి.బి.ఐ. చెప్పింది, 2010లో ముగ్గురికి శిక్ష పడింది. ఎట్లైనా, దాచమన్న పేరు దాగలేదన్నంతవరకు వివాదం లేదు. అతడు ఆకాశరామన్నవలె వ్రాసి ఉంటే? ఆ కాగితం బుట్టలోకి పోయేది. సంతకం లేని అర్జీలమీద ఏ చర్యా తీసికొనవద్దని కేంద్ర నిఘా సంఘం 1999లోనే ఉత్తరువు ఇచ్చి ఉన్నది. పేరు వ్రాస్తే ప్రాణానికి, వ్రాయకపోతే పనికి ముప్పు. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం మూడవ దారి తెరిచింది. ఫిర్యాదు చేసేవాడు తన పేరు లోపల వ్రాసి కవరు అంటించి నిఘా సంఘానికి పంపవలెను. కవరుపైన పేరు ఉండరాదు. పేరు సంఘానికి తెలుస్తుంది, మరొకరికి తెలియరాదు. టేట్ చేసిన పని ఇదే.

ఇందులో మరొక సూక్ష్మం కూడ ఉన్నది. మాటలన్నీ ఒక జాతివి కావు. పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో యురేనియం గని, కర్మాగారం ఉన్నవి. తమ బోరునీరు పాడైనదని చుట్టుపక్కల గ్రామాలవారు ఏండ్లుగా అంటున్నారు. రేపు ఒకడు పేరు లేకుండ ‘ఫలానా బోరులో యురేనియం ఎక్కువగా ఉన్నది’ అని వ్రాసినాడనుకొందాము. వ్రాసినవాడెవడు అని వెదకుటకు పోవడం దండుగ. సీసాలో నీరు పట్టి పరీక్షకు పంపితే సరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. మించినదా, లేదా అన్నది నీరే చెబుతుంది. నీటికి సంతకం అక్కరలేదు. గండికోట జలాశయంలో తాళ్ళప్రొద్దుటూరు మునిగినప్పటి పరిహారం జాబితాలో దొంగపేరు ఒకటి ఉన్నదని ఎవరైనా వ్రాసినా ఇంతే. రికార్డు తీసి చూడవచ్చును. కాని ‘ఫలానా మాస్టరు నడవడి మంచిది కాదు’ అని వ్రాస్తే? దానిని ఏ సీసాలో పట్టేది? పరీక్షించదగిన మాట తన కాళ్ళమీద తాను నిలుస్తుంది. పరీక్షకు అందని మాట చెప్పినవాని భుజాలమీద నిలవవలసిందే; భుజాలు లేనప్పుడు అది విన్నవాని ఊహమీద పడి పెరుగుతుంది.

ఈ ప్రాంతంలో మన భాషకు దొరికిన తొలి ఆధారం గుర్తుకు వస్తున్నది. ప్రొద్దుటూరికి చేరువగా ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో క్రీ.శ. 575 ప్రాంతపు శాసనం ఉన్నది. తెలుగులో తొలి శాసనంగా పండితులు దానిని చెబుతారు. చాలభాగం అరిగిపోయినా అందులో రేనాటి రాజు పేరు మిగిలి ఉన్నది. రాతి మీద వ్రాయించినవాడు తన పేరును కూడ రాతిమీదనే ఉంచినాడు. ఇది ప్రస్తుతానికి పక్కదారి అని ఒప్పుకొంటాను.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. పరువునష్టాన్ని గురించిన పాత శిక్షాస్మృతి 499, 500 సెక్షన్ల స్థానంలో 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను వచ్చింది. శిక్ష రెండేళ్ళ వరకు కారాగారం, లేక జరిమానా, లేక రెండూ, లేక సమాజసేవ. చెప్పినది సత్యమై, లోకహితానికి అవసరమైతే నేరం కాదు. పేరు దాచుకొన్నంత మాత్రాన దూషణకు శిక్ష పెరగదు. బెదిరింపుకు మాత్రం పెరుగుతుంది. పేరు దాచి బెదిరించినవానికి అదనంగా రెండేళ్ళ వరకు శిక్ష 1860 నాటి స్మృతిలోనూ ఉన్నది, నేటి సంహితలోనూ ఉన్నది. ఈ తేడాను నేను మెచ్చుకొంటాను. బెదిరింపు విన్నవాడు ఏ వైపునుండి దెబ్బ వస్తుందో తెలియక ప్రతి నీడకూ భయపడతాడు. అక్కడ పేరు లేకపోవడమే సగం నేరం. దీనికి భిన్నంగా ఐ.టి. చట్టంలోని 66ఎ సెక్షను ఇతరులకు చికాకు, అసౌకర్యం కలిగించడాన్ని కూడ నేరమన్నది. ఎవరికి ఏది చికాకో ఎవరు చెప్పగలరు? 2015 మార్చి 24న న్యాయమూర్తులు చలమేశ్వర్, నారిమన్ దానిని కొట్టివేసినారు. ఇది కొట్టుబడినదని తెలియక ఇప్పటికీ ‘66ఎ పెడతాం’ అని బెదిరించేవారు ఉన్నారు.

‘ఎవడు వ్రాసినాడో కంప్యూటరువారు నిమిషంలో చెప్పేస్తారు గదా!’ అని విద్యార్థులు అనుకొంటారు. అంత సులభం కాదు. ఇంటర్నెట్టులో పాతపద్ధతి చిరునామాలు 2 యొక్క 32వ ఘాతం, అనగా సుమారు 430 కోట్లు మాత్రమే. ఫోనులు అంతకంటె ఎక్కువ. కావున టెలిఫోను సంస్థలు ఒకే చిరునామాను ఒకే సమయాన అనేక ఫోనులకు పంచుతవి. ఒక వీధి మొత్తానికి ఒకే ఇంటినంబరు ఉన్నట్లు. ఫలానా సెకనులో ఏ ద్వారంగుండా వచ్చినాడో కూడ తెలిస్తే తప్ప మనిషి దొరకడు. ఆ చిట్టాలను 180 రోజులు భద్రపరచవలెనని 2022 ఏప్రిల్ 28న కేంద్రం ఆదేశించింది. బాధితుడు ఏడాది ఆలోచించి వస్తే చిట్టా ఉంటుందన్న భరోసా లేదు. దొరికిన తరువాతనైనా సిమ్ము వేరొకరి పేరిట ఉండవచ్చును.

అన్నిటికంటె చిక్కైనది పేరు ఉండి కూడ అది అబద్ధమైనప్పుడు వస్తుంది. ‘ఆ ఖాతా నాది కాదు, నా పేరుతో, నా ఫొటోతో ఎవరో తెరిచినారు’ అనే మాట పులివెందుల ప్రాంతపు వార్తలు చదివేవారికి కొత్త కాదు; ఎన్నికల సంవత్సరాలలో మరీ. ఆ వ్యవహారాల మంచిచెడ్డలు న్యాయస్థానాలు తేల్చవలసినవి, నాకు వాటితో పని లేదు. కాని తర్కం చూడండి. నిజమైన పేరునే నమ్మాలని మనం అలవాటు పడేకొద్దీ ఇతరుల పేరు దొంగిలించుటకు విలువ పెరుగుతుంది. ఆకాశరామన్న అని సంతకం చేసిన ఉత్తరాన్ని సగం మందైనా అనుమానిస్తారు. మీ పేరుతో వచ్చిన దానిని ఎవరనుమానిస్తారు?

జమ్మలమడుగు వైపు ఒక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు నాకు చిరకాల మిత్రుడు. ఆయన వరండాలో ఒక ఫిర్యాదుల పెట్టె పెట్టినాడు. ఆయన నియమం ఇది: వస్తువును గురించి వ్రాసే చీటీకి పేరు అక్కరలేదు, మనిషిని గురించి వ్రాస్తే పేరు ఉండవలెను, ఆ పేరు ఆయన ఒక్కరే చూస్తారు. పేరు లేకుండ మనిషిని గురించి వ్రాసిన చీటీని చదవకనే చింపివేస్తారు. పైన నేను చెప్పిన రెండు సూత్రాలూ ఏ పుస్తకమూ చదవకనే ఆయనకు తట్టినవి. నాకు చాల సంతోషం కలిగింది. కాని ఒక అనుమానం వచ్చింది.

“సార్, ఏడో తరగతి ఆడపిల్ల ఒకతె, ఫలానా మనిషి నన్ను తాకరాని చోట తాకుతున్నాడని పేరు లేకుండా రాసి వేసిందనుకోండి. దాన్నీ చించేస్తారా?” అన్నాను.

ఆయన చాలసేపు మాట్లాడలేదు. “ఆ బిడ్డ పేరెట్లా రాస్తుంది సార్,” అన్నాడు చివరకు.

రాయదు. నా సూత్రం కూడ అక్కడ ఆగిపోయింది. అటువంటి నేరం జరిగిందన్న అనుమానం కలిగినవాడు పోలీసులకు తెలియజేసి తీరవలెనని 2012 నాటి పోక్సో చట్టం చెబుతున్నది, చెప్పకపోవడమే నేరం. వ్రాసినది ఎవరో తెలియకపోవడం అక్కడ సాకు కాదు. అట్లని ఆ చీటీని స్టాఫు రూములో చదివి వినిపించరాదు. అది అబద్ధమైతే ఒక మనిషి బ్రతుకు పోతుంది, నిజమైతే ఆ బిడ్డ ఎవరో అందరూ ఊహించుటకు మొదలుపెడతారు. విచారించుటకు పేరు అక్కరలేదు, చాటించుటకు కావాలి అని నేనన్నాను. ఆయన తల ఊపినాడు గాని ఒప్పుకొన్నాడో లేదో తెలియదు. ఈ గీత ఎక్కడ గీయాలో నాకైనా పూర్తిగా తెలుసునని చెప్పలేను.

మొన్న అటు పోయినప్పుడు పెట్టెను చూచినాను. చింపే నియమం తీసివేసినారు. పెట్టెపైన పిల్లల సహాయానికి 1098 అని పెద్ద అంకెలతో రంగువేయించినారు. తాళాలు ఇప్పుడు రెండు. ఒకటి ఆయన దగ్గర, రెండవది ఒక ఉపాధ్యాయిని దగ్గర. ఇద్దరూ కలిస్తే గాని పెట్టె తెరుచుకోదు. ఆ రోజు అందులో ఉన్నది ఒకే చీటీ: నీళ్ళ ట్యాంకుకు మూత లేదని. పేరు లేదు. ఇద్దరమూ మేడ ఎక్కి చూచినాము. మూత లేదు.